ఓవర్‌క్లాక్ పెడితే ల్యాప్‌టాప్ టప్‌మని ఆరిపోతోంది, ఎండ వల్లేనా?

పల్నాటి_పిక్సెల్ | మే 23, రాత్రి 11:48

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి.

నాది 2021లో కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్. ఐ7-10750హెచ్ ప్రాసెసర్ (సీపీయూ), ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ చిప్, 16 జీబీ ర్యామ్. నాలుగేళ్ళు ఏ పేచీ పెట్టకుండా నడిచింది. ఈమధ్య ఆటలకు ఫ్రేములు చాలడం లేదని రెండు వారాల కిందట ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే చిప్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువలో నడుపుదామని, ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఏదో వీడియోలో చూసినట్టు గ్రాఫిక్స్ చిప్ కోర్ వేగం +180, దాని మెమరీ వేగం +1000 మెగాహెర్ట్జ్ పెట్టాను. మొదటి రోజు పండగే పండగ. రెండో రోజు నుంచి మొదలైంది గోల.

ఒక్కోసారి ఆట దానంతట అదే మూసుకుపోయి డెస్క్‌టాప్ మీదకు వచ్చి పడుతున్నా. ఒక్కోసారి ఆట మధ్యలో ల్యాప్‌టాపే ఆరిపోతోంది. బ్లూ స్క్రీన్ లేదు, మెసేజ్ లేదు, కరెంటు పోయినట్టు టప్‌మంటుంది. మళ్ళీ బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

డ్రైవర్ పూర్తిగా తీసేసి మళ్ళీ వేశాను. విండోస్ రీసెట్ చేశాను. కూలింగ్ ప్యాడ్ కొన్నాను. వెనక మూత తీసి ఫ్యాన్లలో దుమ్ము ఊదాను. ఏం లాభం లేదు.

మాది రెంటచింతల. ఇక్కడి ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. "ఈ ఎండకి మనుషులే ఆగట్లేదు, మిషను ఆగుతుందా" అని ఇంట్లో అందరిదీ ఒకటే తీర్పు. నిజంగా ఎండ వల్లేనా?

మొహమాటం_లేదు | మే 23, రాత్రి 11:57

రెండ్రోజుల్లో రోహిణి కార్తె. ఊరు రెంటచింతల. చేసే పని ల్యాప్‌టాప్ ఓవర్‌క్లాకింగ్. రోళ్ళు పగిలే ఎండలో నీ చిప్పు ఇంకా పగల్లేదంటే ఇంటి దేవుడికి కొబ్బరికాయ కొట్టు.

డెస్క్‌టాప్ కొనుక్కో తమ్ముడూ. రెండింటికీ 3060 అన్న పేరొక్కటే. డెస్క్‌టాప్ కార్డు 170 వాట్లు తాగుతుంది, 12 జీబీ మెమరీ ఉంటుంది. నీ దాన్ని ఎంత పిండినా 115, బూస్ట్ కలిపితే 130. దాంట్లో మెమరీ సగం. పిండిన కొద్దీ పిప్పే.

డబ్లిన్_చలి | మే 24, తెల్లవారుజామున 2:10

నాదీ ల్యాప్‌టాప్ 3060నే. ఐర్లండులో నా గది ఇప్పుడు 17 డిగ్రీలు, స్వెటర్ వేసుకుని టైప్ చేస్తున్నా. +180 నా దగ్గరా నిలబడలేదు, పది నిమిషాలకే ఆట ఎగిరిపోయేది. ఎండని ఇంకా ఉరి తీయకండి.

క్లాక్_కామయ్య | మే 24, ఉదయం 6:35

పిక్సెల్ గారూ, మీ పోస్టులో అసలు విషయం మీరే రాసి, మీరే దాటేశారు. మీకు ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. ఆట మూసుకుపోయి డెస్క్‌టాప్ రావడం ఒకటి. మిషన్ మొత్తం ఆరిపోవడం ఇంకొకటి. రెండూ ఒకే వారంలో మొదలైనంత మాత్రాన ఒకే కారణం కానక్కర్లేదు. మీరు రెండింటికీ కలిపి మందు వేస్తున్నారు, అందుకే ఏదీ పనిచేయట్లేదు.

స్లైడర్ల జోలికి వెళ్ళకుండా ముందు ఈ పని చేయండి. విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో ఈ రెండు వారాల్లో వచ్చిన ఎర్రవీ పసుపువీ చూడండి. నాకు కావలసినవి మూడు: డిస్‌ప్లే పేరుతో 4101 ఎన్నిసార్లు ఉంది? కెర్నల్-పవర్ 41, అంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆరిపోయిందని రాసేది, ఎన్నిసార్లు? దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ నంబరు) ఎదురుగా ఏముంది? డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్, అదే హార్డ్‌వేర్ తప్పులు రాసేది, ఏమైనా కనిపించిందా?

ఇంకో ప్రశ్న. ఒక్కో రకం క్రాష్ ఎప్పుడు వస్తోంది? ఆట మొదలెట్టగానేనా, బాగా కాలాకనా?

పల్నాటి_పిక్సెల్ | మే 24, ఉదయం 10:20

చూశాను కామయ్య గారూ. విండోస్ రీసెట్ చేసి ఆరు రోజులే అయింది కాబట్టి ఆ ఆరు రోజుల లెక్కే ఉంది.

4101 తొమ్మిదిసార్లు. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్ళీ కోలుకుంది అని ఉంది. కెర్నల్-పవర్ 41 ఆరుసార్లు, ఆరింటిలోనూ బగ్‌చెక్ కోడ్ 0. డబ్ల్యూహెచ్‌ఈఏ ఒక్కటీ లేదు.

టైము చూస్తే నాకే వింతగా ఉంది. డెస్క్‌టాప్ మీద పడేయడం ఎక్కువగా మొదటి ఐదు నిమిషాల్లోనే. మెనూలోనో, లోడింగ్ దగ్గరో. అదీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ! ఆరిపోవడం మాత్రం అరగంట దాటాక, పెద్ద ఫైట్లలో.

ఓరుగల్లు_ఓపిక | మే 24, ఉదయం 10:41

డబ్ల్యూహెచ్‌ఈఏ లేదంటే సీపీయూ వైపు కొంత ధైర్యమే. నా పాత ల్యాప్‌టాప్‌లో సీపీయూకి వోల్టేజీ బాగా తగ్గించి పెట్టుకుంటే 0x124 బ్లూ స్క్రీన్ వచ్చేది, లాగ్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ 18. మీరు సీపీయూ వోల్టేజీ ఏమైనా ముట్టుకున్నారా?

పల్నాటి_పిక్సెల్ | మే 24, ఉదయం 10:58

థ్రాటిల్‌స్టాప్ అనే సీపీయూ సర్దే సాఫ్ట్‌వేర్‌లో ప్రయత్నించాను గానీ అక్కడ తాళం వేసి ఉంది. ఎంత తగ్గించినా సున్నానే చూపిస్తుంది. మొదట్లో నా దానికి ఉండేదేమో, బయోస్ అప్‌డేట్ చేశాక పోయిందేమో గుర్తులేదు.

ఓరుగల్లు_ఓపిక | మే 24, ఉదయం 11:15

ఆ తాళం కథ వేరే. సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించి, దాని లెక్కలు తప్పేలా చేసి, లోపల దాచిన రహస్యాలు లాగొచ్చని 2019 డిసెంబరులో బయటపడింది. ప్లండర్‌వోల్ట్ అని పేరు పెట్టారు. అప్పటినుంచి బయోస్ అప్‌డేట్లతో ఆ తలుపు మూసుకుంటూ వచ్చారు. మన గేమర్లకి పోయింది గానీ, మీ కేసులో అదే మంచిదైంది. అనుమానితుల్లో ఒకడు తగ్గాడు.

బూస్ట్_బాబాయ్ | మే 24, ఉదయం 11:22

4101కి మందు నా దగ్గర ఉంది. రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే అని ఒకటి పెట్టి 10 ఇవ్వండి. నాకు దాంతో ఆగిపోయాయి.

క్లాక్_కామయ్య | మే 24, మధ్యాహ్నం 12:05

బాబాయ్, అది మందు కాదు, మూలుగు వినపడకుండా తలుపేసుకోవడం. గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్ల పాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే విండోస్ దాన్ని రీసెట్ చేస్తుంది. ఆ 2 సెకన్ల గడువే టీడీఆర్ డిలే, దాన్ని 10 చేస్తే చిప్ బాగుపడదు. 2 సెకన్లు బిగుసుకునే బదులు 10 సెకన్లు బిగుసుకుంటుంది, అంతే. పెద్ద రెండరింగ్ పనులు చేసేవాళ్ళు దాన్ని మార్చుకోవడానికి వేరే కారణాలుంటాయి. ఓవర్‌క్లాక్ చేసినవాడు ముట్టుకోకూడదు.

ఇక పిక్సెల్ గారి మొదటి జబ్బు. "చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ" అన్న ఒక్క మాటతో సగం తేలిపోయింది.

మీ చిప్‌కి కంపెనీ ఒక పట్టీ రాసిచ్చింది అనుకోండి. ఇంత వోల్టేజీ దగ్గర ఇంత వేగం, ఇంకొంచెం వోల్టేజీ దగ్గర ఇంకొంచెం వేగం, అలా మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఆ మెట్లన్నీ గీతలా కనిపిస్తాయి. మీరు +180 పెట్టడం అంటే వోల్టేజీ పెంచకుండా ప్రతి మెట్టునీ 180 మెగాహెర్ట్జ్ పైకి లేపడం. ల్యాప్‌టాప్‌లో వోల్టేజీ, పవర్ లిమిట్ స్లైడర్లు ఎలాగూ బూడిద రంగులో పడుకుని ఉంటాయి, కదలవు.

ఇప్పుడు పెద్ద ఫైట్‌లో ఏమవుతుంది? చిప్ వాట్ల హద్దుకి తగిలి, కింది మెట్ల మీదకు దిగి నడుస్తుంది. అక్కడ మీ +180 ఎలాగో నిలబడుతోంది. మెనూలోనో లోడింగ్‌లోనో పని తక్కువ, హద్దు అడ్డురాదు, చిప్ చల్లగా కూడా ఉంటుంది. అప్పుడు పై మెట్లెక్కేస్తుంది. పైన కాలు నిలవదు. చిప్ వేడెక్కే కొద్దీ దానంతట అదే 15 మెగాహెర్ట్జ్ చొప్పున తగ్గించుకుంటుంది కాబట్టి, మీ ఎండ మిమ్మల్ని చంపడం కాదు, కాపాడుతోంది.

మెనూలో ఉన్నప్పుడు క్లాక్ ఎంత చూపిస్తోందో చెప్పండి.

పల్నాటి_పిక్సెల్ | మే 24, మధ్యాహ్నం 1:30

మెనూలో 2070! ఫైట్‌లో 1785 నుంచి 1830 మధ్య. మీరు చెప్పినట్టే.

ఇంట్లో చెబితే నమ్మట్లేదు, "ఎండ కాపాడటమేంట్రా" అంటున్నారు.

మొహమాటం_లేదు | మే 24, మధ్యాహ్నం 1:34

నేనూ నమ్మను. అయినా చదువుతున్నా, కానివ్వండి.

కొత్తగా_చేరా | మే 24, మధ్యాహ్నం 2:02

అన్నలూ, నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ గిర్రుమని శబ్దం చేస్తోంది, దీనికి కూడా ఓవర్‌క్లాక్ కారణమా? నేను ఓవర్‌క్లాక్ చేయలేదు.

వేదిక_కాపలా | మే 24, మధ్యాహ్నం 2:15

కొత్తగా_చేరా గారూ, ఫ్యాన్ శబ్దానికి విడిగా చర్చ మొదలుపెట్టండి, అక్కడ జవాబిస్తారు. ఇక్కడ కలిపితే రెండూ తేలవు.

క్లాక్_కామయ్య | మే 24, సాయంత్రం 5:40

పిక్సెల్ గారూ, ఇప్పుడు రెండింటినీ ఒకేసారి కాకుండా విడివిడిగా. ముందు ఆఫ్టర్‌బర్నర్‌లో విండోస్ లేవగానే సెట్టింగులు పెట్టే టిక్కు తీసేయండి. అది ఉంటే ఏదో ఒక రోజు డెస్క్‌టాప్ కూడా రాకుండా తిరుగుతూ ఉంటుంది. అలా ఇరుక్కుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆఫ్టర్‌బర్నర్ తీసేయాలి.

తర్వాత కోర్ 0 పెట్టి మెమరీ మాత్రమే +400 నుంచి మొదలుపెట్టి 200 చొప్పున పెంచండి. ప్రతిసారీ టైమ్ స్పై అనే గ్రాఫిక్స్ పరీక్ష నడిపి గ్రాఫిక్స్ స్కోర్ రాసుకోండి. మెమరీ దగ్గర క్రాష్ కోసం ఎదురుచూడకండి, స్కోర్ ఎక్కడ వెనక్కి తిరిగిందో చూడండి. పెంచినా స్కోర్ తగ్గుతోందంటే లోపల తప్పులు మొదలైనట్టే. మెమరీ తేలాక దాన్ని 0 చేసి, కోర్ +60 నుంచి 15 చొప్పున.

ఫర్‌మార్క్ అనే పరీక్ష మాత్రం వద్దు. అది చిప్‌ని కాల్చి కింది మెట్ల మీదే నడిపిస్తుంది. మీ జబ్బు పై మెట్ల మీద ఉంది, దానికి దొరకదు.

పల్నాటి_పిక్సెల్ | మే 25, రాత్రి 9:10

ఆదివారం మొత్తం దీనికే పోయింది. మెమరీ స్కోర్లు: ఏమీ పెట్టకుండా 8212, +400కి 8365, +600కి 8441, +800కి 8438, +1000కి 8297. అంటే ఇన్నాళ్ళూ +1000 పెట్టుకుని +400 కంటే తక్కువ తెచ్చుకుంటున్నా! ఒక్క మచ్చ గానీ గీత గానీ తెర మీద కనబడలేదు, అంతా బాగుందనుకున్నా.

కోర్ +105 దాకా వెళ్ళాను. సాయంత్రం ఏసీ వేసి మెనూలో వదిలేస్తే +105 దగ్గర మళ్ళీ 4101. +90 మూడు గంటలు నిలిచింది.

కానీ రెండో జబ్బు అలాగే ఉంది. +90, +600తో కూడా నలభై నిమిషాలకి టప్. దీనికి కూడా కోర్ ఇంకా తగ్గించాలా?

త్రీఫేజ్ | మే 25, రాత్రి 9:32

ఇంతసేపూ చూస్తున్నా, ఇక నా వంతు. నేను కరెంటు మనిషిని, చిప్పులు నాకు తెలీవు, కానీ టప్‌మని ఆరిపోవడం నాకు బాగా తెలుసు.

41, బగ్‌చెక్ 0 అంటే విండోస్‌కి చచ్చేముందు ఒక్క ముక్క రాసుకునే టైము కూడా దొరకలేదని. కింద నుంచి కరెంటు లాగేశారు. వేడి వల్ల అయితే ముందు నెమ్మదిస్తుంది, ఫ్రేములు పడతాయి, నత్తనడక నడుస్తుంది. అప్పటికీ కాలితేనే ఆరుతుంది. నీకు ఫ్రేములు పడ్డాయా?

పల్నాటి_పిక్సెల్ | మే 25, రాత్రి 9:40

లేదన్నా. ఆరే క్షణం దాకా నున్నగా నడుస్తుంది. సీపీయూ మాత్రం 96 డిగ్రీల దాకా వెళ్తోంది, గ్రాఫిక్స్ 84.

త్రీఫేజ్ | మే 25, రాత్రి 9:44

అయితే వాట్ల లెక్క చెప్పు. గ్రాఫిక్స్ ఎంత, సీపీయూ ఎంత?

క్లాక్_కామయ్య | మే 25, రాత్రి 9:51

త్రీఫేజ్ గారూ, ఒక చిన్న అడ్డు. ల్యాప్‌టాప్‌లో కోర్ +90 పెట్టినంత మాత్రాన గ్రాఫిక్స్ వాట్లు పెరగవు. హద్దు 130 అంటే 130 దగ్గరే ఆపుతుంది, అదే వాట్లలో కాస్త వేగం పెరుగుతుంది. కాబట్టి ఓవర్‌క్లాక్ వల్ల కరెంటు ఎక్కువై ఆరిపోతోంది అనడం కుదరదు. పిక్సెల్ గారు ఇంకేదో చేసి ఉండాలి. ఆఫ్టర్‌బర్నర్ కాకుండా ఆ రోజు ఇంకేం మార్చారు? థ్రాటిల్‌స్టాప్ అన్నారు ఇందాక, తాళం ఉందని తెలిశాక దాన్ని మూసేశారా?

పల్నాటి_పిక్సెల్ | మే 25, రాత్రి 10:06

అయ్యో. మూయలేదు. వోల్టేజీ కుదరలేదు కదా అని పక్కన పీఎల్1 (సీపీయూ నిలకడగా తాగే వాట్ల హద్దు) 45 ఉంటే 70 చేశాను. "ఎక్కువ వాట్లు, ఎక్కువ ఫ్రేములు" అని అదే వీడియోలో చెప్పాడు. విండోస్ రీసెట్ తర్వాత కూడా మళ్ళీ పెట్టాను. టర్బో మోడ్ కూడా ఆన్. ఇది చెప్పాల్సిన విషయమని తట్టలేదు, క్షమించండి.

త్రీఫేజ్ | మే 25, రాత్రి 10:13

ఇదీ సంగతి. 130, 70 కలిపితే 200. తెర, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కు, నువ్వు గుచ్చిన హెడ్‌ఫోన్లూ మౌసూ కలిపి ఇంకో 20 వేసుకో. 220. నిలకడగా అంత తాగకపోయినా పెద్ద ఫైట్‌లో ఒక్క క్షణం తాగితే చాలు. ఇప్పుడు లేచి నీ అడాప్టర్ తిరగేసి, అవుట్‌పుట్ అని ఉన్నచోట వోల్టులు, ఆంపియర్లు చదివి రాయి. అట్ట మీద ఏం రాసుందో కాదు, అడాప్టర్ మీదది.

పల్నాటి_పిక్సెల్ | మే 25, రాత్రి 10:19

19.5 వోల్టులు, 9.23 ఆంపియర్లు.

త్రీఫేజ్ | మే 25, రాత్రి 10:21

గుణించు.

పల్నాటి_పిక్సెల్ | మే 25, రాత్రి 10:23

180.

ఆగండి. పాతది ఇది కాదు. పాతది కిందటి సంక్రాంతికి కాలిపోతే బయట షాపులో కొన్నాం. "పిన్ను అదే, వోల్టులు అవే, కళ్ళు మూసుకుని వాడుకోండి" అన్నాడు. పాతది అటక మీద ఉండాలి, చూసొస్తా.

పల్నాటి_పిక్సెల్ | మే 25, రాత్రి 10:41

దొరికింది. 19.5 వోల్టులు, 11.8 ఆంపియర్లు. 230 వాట్లు. బరువులోనే తేడా తెలుస్తోంది, పాతది ఇటుక, కొత్తది సబ్బుబిళ్ళ.

డబ్లిన్_చలి | మే 25, రాత్రి 10:50

కానీ జనవరి నుంచి మే దాకా 180తోనే నడిచింది కదా? మధ్యలో ఆరిపోలేదు.

త్రీఫేజ్ | మే 25, రాత్రి 11:04

మంచి ప్రశ్న. పీఎల్1 45 ఉన్నన్నాళ్ళూ మొత్తం 195 లోపు, అదీ అప్పుడప్పుడూ. ఆ పదీ పదిహేనూ ఎవరిచ్చారు? బ్యాటరీ. అడాప్టర్‌కి అందనప్పుడు చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లు ప్లగ్ పెట్టి ఉన్నా బ్యాటరీలోంచి కొంచెం లాక్కుంటాయి. మన ఇంట్లో నెలాఖరుకి పక్కింట్లో చేబదులు తెచ్చుకున్నట్టు. పదో పదిహేనో అయితే ఇస్తారు. నువ్వు ఉన్నట్టుండి 40 అడిగావు.

పక్కింటివాడి దగ్గర ఎంతుందో ఇప్పుడు చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్ అని, ఇంగ్లీషులో, కొట్టు. ఒక ఫైలు వస్తుంది. డిజైన్ కెపాసిటీ ఎంత, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ ఎంత?

క్లాక్_కామయ్య | మే 25, రాత్రి 11:09

దాంతోపాటు వాట్లు, వేడి, వోల్టేజీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో సాఫ్ట్‌వేర్‌లో లాగ్ ఆన్ చేసి ఆట ఆడండి. ఆరిపోయాక ఫైలు తెరిచి చివరి వరసలో సీపీయూ వాట్లు, గ్రాఫిక్స్ వాట్లు, బ్యాటరీ ఛార్జ్ రేటు, బ్యాటరీ వోల్టేజీ చూడండి. రేటు ముందు మైనస్ గుర్తు ఉంటే బ్యాటరీ ఖర్చవుతున్నట్టు.

పల్నాటి_పిక్సెల్ | మే 26, రాత్రి 8:15

డిజైన్ 62,000 మిల్లీవాట్-అవర్లు. ఫుల్ ఛార్జ్ 25,900. సగం కూడా లేదు. నాలుగేళ్ళూ ఎప్పుడూ ప్లగ్‌లోనే, ఎప్పుడూ నూరు శాతంలోనే ఉంచాను.

లాగ్ చివరి వరస: సీపీయూ 68 వాట్లు, గ్రాఫిక్స్ 127, బ్యాటరీ మైనస్ 38. మొదట్లో నూరు శాతం ఉన్న ఛార్జ్ 71కి దిగింది, ప్లగ్ పెట్టి ఉండగానే! వోల్టేజీ ఆట మొదట్లో 16.2, చివరి వరసలో 13.4. ఆ తర్వాత ఫైలులో ఖాళీ.

ఛార్జ్ శాతం మూలన కనపడుతూనే ఉంటుంది, ఒక్కసారి కూడా చూడలేదు.

త్రీఫేజ్ | మే 26, రాత్రి 8:31

పాత ట్రాక్టర్ బ్యాటరీకి సెల్ఫ్ కొడితే హెడ్‌లైట్ మసకబారుతుంది చూశావా, అదే ఇది. బరువు పడగానే వోల్టేజీ కుంగింది, రక్షణ సర్క్యూట్ కట్ చేసేసింది. అరగంట ఎందుకు పడుతోందంటే ఆ అరగంటలో ఛార్జ్ మెల్లగా దిగి బ్యాటరీ ఇంకా నీరసపడుతోంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, నిజం చెప్పు. ల్యాప్‌టాప్ బల్ల మీద పెడితే నాలుగు కాళ్ళూ ఆనుతున్నాయా? టచ్‌ప్యాడ్ నొక్కితే మామూలుగా నొక్కుకుంటోందా?

పల్నాటి_పిక్సెల్ | మే 26, రాత్రి 8:44

టచ్‌ప్యాడ్ కుడి వైపు కొన్ని నెలల నుంచి బిగుసుకుపోయి ఉంది. మౌసు వాడతా కాబట్టి పట్టించుకోలేదు. ఇప్పుడు పక్క నుంచి టార్చ్ వేసి చూస్తే కుడి మూల గోరు మందాన పైకి లేచింది. ఎడమ మూల సరిగ్గా ఉంది.

త్రీఫేజ్ | మే 26, రాత్రి 8:46

ఆట ఆపు. షట్‌డౌన్ చెయ్. ప్లగ్ పీకు. ఈ రాత్రికి మంచం మీద, పరుపు మీద పెట్టకు, గచ్చు మీద పెట్టు. బ్యాటరీ ఉబ్బింది.

రేపు తెలిసినవాళ్ళ చేత తీయించు. నువ్వే తీస్తే స్క్రూడ్రైవర్ మొనతో ఎత్తకు, నొక్కకు, గుచ్చకు. ఫ్రేములు, స్కోర్లు అన్నీ తర్వాత.

ఓరుగల్లు_ఓపిక | మే 26, రాత్రి 8:58

త్రీఫేజ్ గారి మాట వినండి. మా ఆఫీసులో ఒకటి ఇలాగే ఉబ్బి కీబోర్డు వంచేసింది. దాన్ని చదును చేద్దామని ఒకాయన పైన పుస్తకాలు పేర్చబోయాడు, చూసి పరిగెత్తాం.

దొంగ బ్యాటరీలు జాగ్రత్త. దగ్గర్లో మీ కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడుంటే అక్కడే అడగండి, వారం పట్టినా పర్వాలేదు. అడాప్టర్‌కి హైదరాబాద్ వచ్చే పనుంటే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో వెతకొచ్చు, కానీ లేబుల్ చదవకుండా డబ్బులివ్వకండి.

మొహమాటం_లేదు | మే 26, రాత్రి 9:03

నా డెస్క్‌టాప్‌కి బ్యాటరీ లేదు, ఉబ్బదు. చెప్పాలనిపించి చెప్పా. తమ్ముడూ, జాగ్రత్త, నిజంగానే చెబుతున్నా.

పల్నాటి_పిక్సెల్ | జూన్ 8, రాత్రి 10:05

ఇన్ని రోజులు కనపడనందుకు ఏమీ అనుకోకండి, బ్యాటరీ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

పాతది తీసినప్పుడు నేనూ పక్కనే ఉన్నా. నాలుగు సెల్స్‌లో కుడి చివరిది అప్పడంలా పొంగి ఉంది, టచ్‌ప్యాడ్ అడుగున రేకుకి దాని ముద్ర పడింది. సర్వీస్ చేసే ఆయన దాన్ని ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, వాళ్ళే పారేస్తామని తీసుకున్నారు. కొత్త బ్యాటరీ, 230 వాట్ల అడాప్టర్, రెండూ మార్చాను. పనిలో పనిగా చిప్‌ల మీద వేడి లాగే పేస్ట్ కూడా మార్పించా. పాతది ఎండిపోయి సున్నంలా రాలింది.

పీఎల్1 మళ్ళీ 45. కామయ్య గారు మెసేజ్‌లో చెప్పినట్టు ఈసారి స్లైడర్ కాకుండా గీతనే సర్దాను. 825 మిల్లీవోల్టుల దగ్గర 1770, ఆ తర్వాత బల్లపరుపుగా. మెమరీ +600. ఇప్పుడు మెనూలో కూడా 1770 దాటదు, ఎక్కడానికి పైన మెట్లే లేవు కాబట్టి. ఫైట్‌లో గ్రాఫిక్స్ 108 వాట్లు, 77 డిగ్రీలు. పన్నెండు గంటలు ఆడాను, 4101 లేదు, 41 లేదు. బ్యాటరీ నూరు నుంచి దిగలేదు, ఇప్పుడు 80 దగ్గర ఆగేలా పెట్టుకున్నా.

ఫ్రేములు అంటారా, మొదట్లో 62, ఇప్పుడు 66. ఈ నాలుగు ఫ్రేముల కోసమే ఇదంతా అని నాన్నకి ఇంకా చెప్పలేదు.

క్లాక్_కామయ్య | జూన్ 8, రాత్రి 10:22

నాలుగు ఫ్రేములతోపాటు ఏడు డిగ్రీలు తగ్గాయి, 20 వాట్లు మిగిలాయి. నా లెక్కలో అదే పెద్ద లాభం. వేరే ఆట మొదలెట్టినప్పుడు ఒకవేళ 4101 కనపడితే 1770ని 1755 చేయండి, మిగతావి కదపకండి. ఒక ఆటలో నిలిచింది ఇంకో ఆటలో నిలవాలని లేదు.

డబ్లిన్_చలి | జూన్ 8, రాత్రి 11:40

ఇది చదివి నా అడాప్టర్ తిరగేశా. 230 ఉంది, బతికిపోయా. బ్యాటరీ రిపోర్ట్ మాత్రం తీయాలంటే భయంగా ఉంది.

బూస్ట్_బాబాయ్ | జూన్ 9, ఉదయం 7:15

నేను ఆ టీడీఆర్ డిలే తీసేశా. తీసిన రాత్రే 4101 వచ్చింది. కోర్ తగ్గిస్తున్నా, నవ్వకండి.

కొత్తగా_చేరా | జూన్ 9, ఉదయం 9:30

పిక్సెల్ అన్నా, ఆ 180 అడాప్టర్ అమ్ముతావా?

పల్నాటి_పిక్సెల్ | జూన్ 9, ఉదయం 10:02

మా తమ్ముడి కాలేజీ ల్యాప్‌టాప్‌కి ఇచ్చేశా. వాడిది 150 వాట్లు, వోల్టులూ పిన్నూ కలిశాయి, హాయిగా నడుస్తోంది. నీ ల్యాప్‌టాప్‌తో వచ్చిన అడాప్టర్ మీద ఏముంది, ముందు అది చదివి చెప్పు.